సెలవు మీద వచ్చిన తమ్ముడు

మా పై వాటాలో ఉండే మనిషి గురించి ఎవరిని అడిగినా పరాయి దేశంలో క్రేను నడిపేవాడని మొదలుపెడతారు. నేను మాత్రం అతనికి అబద్ధమాడటం చేతకాదని మొదలుపెడతాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ సిటీ బస్సులో కండక్టరుగా చేసినదాన్ని. టికెట్టు తీసుకోకుండా కిటికీలోంచి లోకాన్ని ఉద్ధరిస్తున్నట్టు చూసేవాణ్ణి వీపు చూసి పట్టేసేదాన్ని. అబద్ధం మొహం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇతనికి ఆ మొహం లేదు. అలాంటివాడు ఒకే ఒక్క అబద్ధం ఆడాడు, అదీ సొంత అక్కతో, ఆవిడ నాలుగు మెతుకులు తింటుందని. సర్కారు వాళ్లు సరిగ్గా దాన్నే పట్టుకుని అతన్ని పీక్కుతిన్నారు.

ఆ అక్కని మేమంతా కత్తెరక్క అంటాం. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ టేబులు దగ్గర పనిచేసేది. మందంగా పేర్చిన గుడ్డ థాను మీద సుద్దతో గీత గీసి, ఆ గీత మీద నుంచి వెంట్రుకవాసి జరక్కుండా కోసేదని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. అమ్మా నాన్నా తొందరగా పోతే తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. పెళ్లి మాట ఎత్తిన వాళ్లని మెట్ల మీద నుంచే పంపించేసింది. వాడికి క్రేను పని నేర్పించింది, విమానం ఎక్కించింది. ఆ తర్వాత ఇక మా చెవులు తినేసింది. కుళాయి దగ్గర బిందె పెడితే చాలు, "మా తమ్ముడు ఆకాశంలో ఉద్యోగం చేస్తాడు, మేఘాలు కింద కనిపిస్తాయట" అనేది. "అయితే వాన ఎప్పుడు పడుతుందో అడిగి చెప్పవే, బట్టలు తీసేస్తాం" అనేదాన్ని నేను. ఆవిడకి కోపం వచ్చేది కాదు. తమ్ముడి గురించి ఎవరేమన్నా ఆవిడకి పొగిడినట్టే వినిపించేది.

జబ్బు ఎప్పుడు మొదలైందో తెలియదు. మాకు తెలిసింది మాత్రం ఆవిడ కిటికీ తెరలు కత్తిరించిన రోజున. చొక్కా చేతులు, కాలరు, జేబులు, అన్నీ వేరువేరుగా కోసి మంచం మీద వరసగా పేర్చింది. "ఆర్డరు అర్జెంటు" అంది నాతో. నవ్వాను, కానీ ఆవిడ నవ్వలేదు. ఆ తర్వాత స్టవ్వు వెలిగించి మర్చిపోయింది. రిటైరై ఏళ్లు గడిచినా పొద్దున్నే ఫ్యాక్టరీకని బయల్దేరి రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది తగ్గేది కాదు, పెరిగేదే, ఒంటరిగా వదలొద్దు అన్నాడు. తమ్ముడికి కబురు చేసింది నేనే.

అతను సెలవు పెట్టి వచ్చాడు. గుమ్మంలో చూడగానే ఆవిడ "ఒరేయ్ చిన్నోడా, ఎన్నాళ్లు సెలవు?" అంది. నేను హమ్మయ్య అనుకున్నాను. పొయ్యి మీద పాలు మర్చిపోయే మనిషి తమ్ముణ్ణి మర్చిపోలేదు.

ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి అతను ఆవిడకి స్నానం చేయించాడు, తల దువ్వాడు, ముద్దలు పెట్టాడు. స్నానానికి మాత్రం మొదట్లో నన్ను పిలిచేవాడు. తర్వాత నా మోకాళ్ల నొప్పులు చూసి పిలవడం మానేశాడు. పెద్ద దుప్పటి ఒకటి ఆవిడ చుట్టూ కప్పి, తను మొహం పక్కకి తిప్పుకుని నీళ్లు పోసేవాడు. సుద్దముక్క, పాత దినపత్రికలు ఇస్తే ఆవిడ పగలంతా గీతలు గీస్తూ కూర్చునేది. కత్తెర ఇవ్వలేదు కాబట్టి రెండు వేళ్లతోనే గాలిలో కోసేది. "మళ్లీ ఎలా వెళ్తావయ్యా ఈవిణ్ణి వదిలి?" అని అడిగాను ఓ రోజు. "బరువు గాలిలో వేలాడుతుంటే ఆపరేటరు సీటు దిగకూడదు కండక్టరక్కా. అది మా పనిలో మొట్టమొదట నేర్పేది" అన్నాడు. అంతకుమించి మాట్లాడే రకం కాదు.

సెలవు అయిపోవస్తుండగా ఎవరో చెప్పారు, బయటి దేశాల నుంచి వచ్చి ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునేవాళ్లకి సర్కారు సంరక్షణ భత్యం ఇస్తుందని, మందులు కూడా ఉచితమని. సంక్షేమ కార్యాలయానికి వెళ్లాడు. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా అడిగాడట, అక్కడ ఉద్యోగం ఉందా అని. ఉంది, సెలవులో వచ్చాను అన్నాడు. "అయితే మీరు చుట్టపుచూపుగా వచ్చినట్టు లెక్క. చుట్టాలకి భత్యం ఉండదు. ఇక్కడే ఉండిపోయేవాళ్లకే" అన్నాడట. అక్క కోసమే వచ్చానండీ అంటే, "అందరూ ఎవరో ఒకరి కోసమే వస్తారు, ఉండిపోతున్నారా లేదా అన్నదే మాకు కావాలి" అన్నాడట. ఆ గుమాస్తా నా బస్సు ఎక్కి ఉంటే చిల్లర లేదని చివరి స్టాపు దాకా నిలబెట్టేదాన్ని.

ఇతను మెట్ల మీద కూర్చుని ఆలోచించాడు. తర్వాత కంపెనీకి రాజీనామా పంపించేశాడు. వయసు యాభై దాటింది, ఒకసారి వదిలితే ఆ సీటు మళ్లీ దొరకదని తెలిసే పంపించాడు. పంపించి, మనిషికి అబద్ధం రాదుగదా, నేరుగా వెళ్లి అక్కతో చెప్పేశాడు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆవిడ చేతిలోని సుద్దముక్క పడేసింది. "మానేశావా? నా కోసమా?" అంది. కంచం విసిరేసింది. రెండు చేతులతో తల బాదుకుంది. "నేను కట్టుకున్నది నేనే కూల్చేశాను. నిన్ను పైకి పంపి మళ్లీ నేనే కిందికి లాగేశాను. నేనింకా ఎందుకు బతికున్నానే కండక్టరూ!" అని ఏడ్చింది. గొంతు పోయేదాకా ఏడ్చింది. మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆవిడకి మతి పోయిందన్నారుగానీ, ఏది తలుచుకుంటే గుండె పగులుతుందో అది మాత్రం ఆ మతికి బాగానే తెలుసు.

తెల్లారి లేచి అంతా మర్చిపోయింది. తమ్ముణ్ణి చూసి నవ్వి, "ఎన్నాళ్లు సెలవురా?" అంది. అతను నా వంక చూశాడు. నేను అతని వంక చూశాను. "ఇంకో వారం ఉందక్కా" అన్నాడు. అదే ఆ అబద్ధం. ఆవిడ హాయిగా తిన్నది. "పెట్టె సర్దుకున్నావా? చివర్లో హడావిడి పడతావు నువ్వు" అంది. అప్పటి నుంచి రోజూ పొద్దున ఇదే తంతు. పెట్టె చూపించమనేది. అందుకని బట్టలన్నీ మడిచి పెట్టెలో పెట్టి, వచ్చినప్పుడు విమానాశ్రయంలో కట్టిన చీటీ దానికి వేలాడుతుండగానే గుమ్మం పక్కన నిలబెట్టాడు. ఆవిడ దాన్ని తట్టి చూసి తృప్తిగా కూర్చునేది. సొంతింట్లో మనిషి పెట్టెలోంచి చొక్కా తీసి తొడుక్కుని, ఉతికి మళ్లీ పెట్టెలోనే పెట్టుకునేవాడు.

ఇంతలో విచారణకి కార్యాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చెడ్డ పిల్ల కాదు. చెప్పులు బయటే విడిచి వచ్చింది, కత్తెరక్కని ఆప్యాయంగానే పలకరించింది. ఉన్నది ఒక్కటే గది, పక్కనే వంటకి కాస్త చోటు. జబ్బు మనిషి ఎదుటే అడగాలని వాళ్ల నియమమట. చూసుకునేవాళ్లు చాటుగా ఏదో ఒకటి చెప్పి జబ్బువాళ్లని మోసం చేయకుండా పెట్టుకున్న నియమం. మంచిదే, కాదనను. మంచి నియమమే ఇతని పాలిట యముడైంది.

"మీరు ఇక్కడే స్థిరపడిపోయినట్టేనా?" అని అడిగింది ఆ అమ్మాయి. అక్క తలెత్తి తమ్ముడి మొహంలోకి చూస్తోంది. అతను అక్క వైపు తిరిగాడు. నేను కళ్లతో సైగ చేశాను, గొంతు సవరించుకున్నాను, కాలితో తన్నాను కూడా. ఇంతలో కత్తెరక్కే అందుకుంది. "స్థిరపడటమేంటమ్మా! వాడికి అక్కడ పెద్ద ఉద్యోగం. వచ్చే వారం వెళ్లిపోతున్నాడు. చూడు, పెట్టె కూడా సర్దుకున్నాడు." ఆ అమ్మాయి పెట్టె వైపు చూసింది, చీటీ చూసింది. "నిజమేనాండీ?" అంది. అతను అక్క చెయ్యి పట్టుకుని, "అవునండీ, వెళ్లాలి" అన్నాడు.

నేను కుంటుకుంటూనే ఆ అమ్మాయి వెంట వీధి దాకా పరిగెత్తాను. జరిగిందంతా చెప్పాను. పాపం, నిలబడి విన్నది. "మీరు చెప్పేది నమ్ముతాను పిన్నీ. కానీ ఆయన నోటితో అన్నది రాయకుండా ఉండలేను, పెట్టె చూడలేదని రాయలేను" అంది. భత్యం ఇవ్వలేమని జవాబు వచ్చింది. ఇతను కార్యాలయానికి వెళ్లి ఎంత మొత్తుకున్నా, కాదన్నాక అందరూ మాట మారుస్తారని కొట్టిపారేశారు. రాజీనామా చూపిస్తే, ఒకచోట మానేసినవాళ్లు ఇంకోచోట చేరతారు అన్నారు. పై కమిటీకి చెప్పుకోమన్నారు.

ఆ కమిటీ పిలుపు వచ్చేదాకా బతకాలి కదా. దగ్గర్లో కడుతున్న భవనం దగ్గర పని దొరికింది అతనికి. పగలు నేను కాపలా కాస్తానన్నాను. నాకు మోకాళ్లు లేవు, ఆవిడకి పట్టుకుంటే ఆగే మనసు లేదు. వారం తిరక్కుండానే నేను పొయ్యి దగ్గరున్నప్పుడు ఫ్యాక్టరీ సైరన్ వినిపించిందంటూ మెట్లు దిగబోయి పడింది. మణికట్టు విరిగింది. గీత గీసే చెయ్యి అది. నేను భోరుమన్నాను. అతను నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పని మానేశాడు. చేతి గడియారం పోయింది, టీవీ పోయింది, ఆవిడ కుట్టుమిషను పోయింది. కూరగాయల బండివాడు వీళ్లు కొనలేరని తెలిసి వీళ్ల మెట్ల దగ్గర గొంతు తగ్గించి వెళ్లిపోయేవాడు. అక్కకి పెట్టి, తను నీళ్లు తాగి సరిపెట్టుకునేవాడు. నేను గిన్నెలో ఏదైనా పట్టుకెళ్తే దానిలోంచి కూడా ముందు ఆవిడకే తీసేవాడు. క్రేను సీటులో కూర్చుని గట్టిపడ్డ మనిషి, చొక్కా లోపల చెట్టుకి ఆరేసిన గుడ్డలా అయిపోయాడు.

కార్యాలయం వాళ్లు దయతలచి ఒక దారి చూపించారు. ఆవిణ్ణి ప్రభుత్వ ఆశ్రమంలో చేర్పిస్తే ఇతను ఎక్కడికైనా వెళ్లి పనిచేసుకోవచ్చట. ఇద్దరం వెళ్లి చూశాం. నేల తళతళలాడుతోంది, అబద్ధమెందుకు. మంచాలకి రెండు వైపులా కడ్డీలున్నాయి. ఒక ముసలాయన కడ్డీ పట్టుకుని, అటుగా వెళ్లే ప్రతి మనిషినీ "బాబూ, మా వీధి ఎటు?" అని అడుగుతున్నాడు. ఎవరూ చెప్పడం లేదు. బయటికి వచ్చాక ఇతను గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. "కమిటీ కూడా కాదంటే ఆవిణ్ణి ఇక్కడికే తేవాలి కండక్టరక్కా. నా చేతుల్తో నేనే తేవాలి" అన్నాడు. "ఆ మాట అనకు" అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

కమిటీ గది పెద్దది, పంకా చిన్నది. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు, మధ్యలో తెల్లజుట్టు పెద్దమనిషి. కత్తెరక్కకి నా చేత మంచి చీర కట్టించి, విరిగిన చెయ్యికి పట్టీ కట్టి తీసుకొచ్చాడు. ఆవిడకి ఆ గది నచ్చింది. ఫ్యాక్టరీ ఆఫీసు అనుకుంది కాబోలు, బల్ల మీద గుడ్డని వేలితో కొలుస్తూ కూర్చుంది.

"ఈయన ఎవరమ్మా?" అని అడిగాడు పెద్దమనిషి.

"మా తమ్ముడు. ఆకాశంలో పని. సెలవు మీద వచ్చాడు" అంది గర్వంగా.

పెద్దమనిషి ఇతని వైపు తిరిగాడు. "ఇంటికి వచ్చినామెతో వెళ్తానన్నారు. ఇప్పుడు వెళ్లనంటున్నారు. ఏది నిజం?"

"అయ్యా, అక్కని ఒక్క నిమిషం బయట కూర్చోబెట్టమనండి. అంతా చెప్తాను" అన్నాడు ఇతను.

"అది కుదరదు. ఏం చెప్పినా ఆమె ఎదుటే చెప్పాలి. ఆమె హక్కు అది."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచాను. "హక్కంట! ఆ హక్కు ఆవిడ ప్రాణం తీస్తుందయ్యా! నేను చెప్తాను వినండి" అన్నాను. సాక్షులు అడిగినప్పుడే మాట్లాడాలని పక్కనున్నాయన నన్ను కూర్చోబెట్టాడు. బస్సులో అందరినీ కూర్చోబెట్టిన దాన్ని నేను, నన్ను కూర్చోబెట్టాడు.

"చెప్పండి" అన్నాడు పెద్దమనిషి. "మీరు చెప్పకపోతే ఉన్న రిపోర్టు ప్రకారమే మేం తేల్చాల్సి వస్తుంది." కసురుకుంటున్నట్టు లేదు ఆయన గొంతు. బతిమాలుతున్నట్టే ఉంది.

ఇతను కుర్చీలోంచి లేచి అక్క ముందు నేల మీద కూర్చున్నాడు. ఆవిడ మంచి చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక పక్క ఆ కడ్డీల మంచం, ఇంకో పక్క ఈ మాట. రెంటిలో ఏది తక్కువ నొప్పో ఎంచుకుంటున్నాడని నాకు అర్థమైంది. నేను కళ్లు మూసుకున్నాను.

"అక్కా, నేను ఉద్యోగం మానేశాను. ఎప్పుడో మానేశాను. సెలవు లేదు, ఏమీ లేదు. నేనింక ఎక్కడికీ వెళ్లను. నీ దగ్గరే ఉంటాను."

కేక వస్తుందనుకున్నాను. రాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆవిడ అతని మొహాన్ని పరీక్షగా చూస్తోంది, గుడ్డలో లోపం వెతికినట్టు. నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరు బాబూ నువ్వు?" అంది. "మా వాడు అలాంటి పని చెయ్యడు. నేను వాణ్ణి అలా పెంచలేదు."

"నేనే అక్కా. చిన్నోణ్ణి."

"కాదు" అంది. కుర్చీని కాస్త నా వైపు జరుపుకుంది. "కండక్టరూ, ఈయన మా తమ్ముణ్ణంటున్నాడే. మా వాడు అక్కడున్నాడని చెప్పు."

పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. భత్యం ఇవ్వాలని అక్కడికక్కడే తేల్చేశారు, మందులతో సహా. బయట వరండాలో గుమాస్తా ఎదురొచ్చి, "సంతోషమండీ, పని అయిపోయింది" అన్నాడు. ఇతను అతనికి దణ్ణం పెట్టాడు. ఆవిడ ఇతని చెయ్యి పట్టుకోనంటే నేనే పట్టుకుని ఆటో ఎక్కించాను. ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చున్నాడు ఇతను.

మర్నాటికి మర్చిపోతుందిలే, పాత మాట మర్చిపోయినట్టే ఇదీ పోతుందిలే అని చెప్పాను అతనికి. నాకు నిజంగానే ఆ నమ్మకం ఉండేది. ఆవిడ కమిటీని మర్చిపోయింది, ఆటోని మర్చిపోయింది, ఉద్యోగం మానేశానన్న మాటనీ మర్చిపోయింది. తమ్ముడి మొహాన్ని మాత్రం మళ్లీ గుర్తుపట్టలేదు. ఎదురుగా ఉన్న అతన్ని మళ్లీ ఎప్పుడూ ఒరేయ్ అనలేదు. స్నానానికి అతన్ని గదిలోకి రానివ్వలేదు, మళ్లీ నా మోకాళ్ల మీదే పడింది ఆ పని. అన్నం పెడితే మాత్రం తింటుంది. "మీ చేతి వంట బాగుంటుంది బాబూ, మీకు ఇంట్లో ఎవరున్నారు?" అని అడుగుతుంది. "ఒక అక్క ఉందండీ" అంటాడు. "బాగా చూసుకోండి" అంటుంది.

ఇప్పుడు ఇంట్లో బియ్యం ఉంది, మందులు వేళకి వస్తున్నాయి. అందరూ అదృష్టవంతుడంటున్నారు. అలా అన్నవాళ్లతో నేను మాట్లాడటం మానేశాను.

మొన్న సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి, "మా చిన్నోడితో ఒక్కసారి మాట్లాడించవే" అంది. అతనే తన ఫోను తీసుకుని లేచి, మెట్ల మీదికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. నా ఫోను మోగింది. ఆవిడ చెవి దగ్గర పెట్టాను. అతని గొంతు ఒకసారి ఫోనులోంచి, ఒకసారి తలుపు సందులోంచి వినిపిస్తోంది. ఆవిడకి మాత్రం ఫోనులోదే వినిపించింది. మొహం వెలిగిపోయింది.

"ఒరేయ్ చిన్నోడా! తిన్నావా? పైన గాలి ఎక్కువగా ఉందా?" అంది. "నాకు ఇక్కడ ఏ లోటూ లేదు. ఎవరో ఒకాయన ఉన్నాడు, సొంత మనిషిలా చూసుకుంటున్నాడు. నువ్వు నా గురించి బెంగపెట్టుకుని ఉద్యోగం మానేసి వచ్చేవు సుమా! రానని మాటివ్వు."

ఆవిడ "ఒరేయ్, ఉన్నావా?" అని రెట్టించింది.

"ఉన్నానక్కా" అన్నాడు. "రాను."